పార్ట్‌నర్ సర్వర్ నుంచి లోపలికి: హాఫ్-లైఫ్ 2 లీక్ మీద ఒక కేస్ స్టడీ

విడుదలకు ముందే గేములు బయటికి పొక్కిన ఉదంతాలకు కొదవ లేదు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు మాత్రం నేను ముందుగా చెప్పేది 2003లో జరిగిన హాఫ్-లైఫ్ 2 లీక్ గురించే. ఇరవై ఏళ్లు దాటిన కేసు ఇప్పుడెందుకని అడుగుతారు. దొంగ ఏ దారిన వచ్చాడో, లోపల ఎలా తిరిగాడో, ఏం ఎత్తుకెళ్లాడో అతనే తర్వాత వివరంగా చెప్పాడు. కంపెనీ అధిపతి తన వైపు సంగతులు అప్పటికప్పుడే బయటపెట్టాడు. కోర్టు తీర్పూ వచ్చింది. ఈ మూడూ ఒకే కేసులో దొరకడం మా రంగంలో చాలా అరుదు. మామూలుగా కంపెనీలు రెండు వాక్యాల ప్రకటన ఇచ్చి ఊరుకుంటాయి. తలుపు ఎక్కడ తెరిచి ఉందన్నది బయటివాళ్లకు తెలియనే తెలియదు.

నేను హైదరాబాద్‌లో ఉంటూ, విదేశీ స్టూడియోలకు కాంట్రాక్టు మీద ఆర్ట్, టెస్టింగ్, పోర్టింగ్ (గేమ్‌ను వేరే రకం యంత్రానికి మార్చడం) చేసిపెట్టే కంపెనీల్లో తయారీలో ఉన్న గేముల భద్రత చూస్తుంటాను. అందుకే ఈ కేసును అందరూ హ్యాకర్ వైపు నుంచో, గేమ్ వైపు నుంచో చదివితే నా కన్ను మాత్రం అతను అడుగుపెట్టిన సర్వర్ మీదే ఆగిపోతుంది. ఆ సర్వర్ గేమ్‌ను తయారుచేసిన వాల్వ్ కంపెనీది కాదు. వాల్వ్ నెట్‌వర్క్ పరిధిలో ఉన్న వేరే కంపెనీది.

లీక్‌కు ముందు

వాల్వ్ కంపెనీని 1996లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ మొదలుపెట్టారు. ఇద్దరూ మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చినవాళ్లే. 1998లో వచ్చిన హాఫ్-లైఫ్ వాళ్ల మొదటి గేమ్. దాని మీద అభిమానులు కట్టుకున్న మాడ్‌గా (ఉన్న గేమ్‌ను మార్చి చేసిన కొత్త రూపంగా) పుట్టిందే కౌంటర్-స్ట్రైక్. ఆ రోజుల్లో అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నెట్ సెంటర్‌కు వెళ్లినవాళ్లకు ఈ పేరు వేరే పరిచయం చేయక్కర్లేదు.

హాఫ్-లైఫ్ 2ను 2003 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 అనే గేముల ప్రదర్శనలో చూపించారు. బొమ్మల ముఖాల్లో కదలికలు, నీటిలో తేలే చెక్కలు, విసిరితే బరువును బట్టి పడే వస్తువులు చూసి జనం నోళ్లు వెళ్లబెట్టారు. 2003 సెప్టెంబర్ 30న విడుదల అని తేదీ కూడా ప్రకటించేశారు. కానీ లోపల పరిస్థితి వేరు. గేమ్ ఆ తేదీకి సిద్ధమయ్యే దారిలోనే లేదు. ఆలస్యం అవుతుందని చెప్పడానికి సెప్టెంబర్ చివరి వారం దాకా ఆగారు. ఈ జాప్యమే తర్వాత లీక్ దెబ్బను రెట్టింపు చేసింది. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

లోపలికి వచ్చిన దారి

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతానికి చెందిన ఆక్సెల్ గెంబె హాఫ్-లైఫ్ అభిమాని. రాబోయే గేమ్ గురించి అందరికంటే ముందే తెలుసుకోవాలన్న ఆత్రంతో వాల్వ్ నెట్‌వర్క్‌ను తడమడం మొదలుపెట్టాడు. అప్పటికే కంప్యూటర్లను ఆక్రమించే మాల్‌వేర్ రాయడంలో చేయి తిరిగినవాడు. అతను తర్వాత చెప్పిన వివరం ప్రకారం వాల్వ్ బయటి గోడ ఫరవాలేదు, బాగానే ఉంది. సందు దొరికింది పక్కన.

మొదట, వాల్వ్ నేమ్ సర్వర్ (యంత్రాల పేర్లకు చిరునామాలు చెప్పే సర్వర్) జోన్ ట్రాన్స్‌ఫర్‌ను ఎవరడిగినా ఇచ్చేస్తోంది. అంటే, మీ డొమైన్ కింద ఏయే యంత్రాలు, ఏయే పేర్లతో, ఏయే చిరునామాల్లో ఉన్నాయో చెప్పే మొత్తం జాబితా ఒక్క ప్రశ్నకు జవాబుగా వచ్చేస్తుంది. దాంతో వెతకాల్సిన చోట్లేవో తెలిసిపోయాయి. ఆ పరిధిని స్కాన్ చేస్తుంటే టాంజిస్ అనే కంపెనీకి చెందిన సర్వర్ కనిపించింది. ఒంటి మీద ధరించే కంప్యూటర్ పరికరాలు వాళ్ల పని. గేములతో సంబంధమే లేదు. ఆ సర్వర్‌లో వెబ్ ఫోల్డర్‌లోకి ఎవరైనా ఫైళ్లు రాయగలిగేలా వదిలేశారు. అతను ఏఎస్‌పీ స్క్రిప్ట్ (వెబ్ సర్వర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) ఒకటి పైకి పంపి, దాన్ని వెబ్ సర్వర్ చేతే నడిపించాడు. ఆ సర్వర్‌కూ వాల్వ్ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య ఫైర్‌వాల్ (అనుమతి లేని రాకపోకలను ఆపే అడ్డుగోడ) లేదు.

అక్కడి నుంచి వాల్వ్ డొమైన్ కంట్రోలర్ దగ్గరికి చేరాడు. సంస్థలో ఎవరెవరికి లాగిన్ ఉందో, వాళ్ల పాస్‌వర్డులేమిటో సరిచూసే యంత్రం అది. అందులో 'బిల్డ్' అనే పేరుతో ఒక ఖాతా ఉంది. దానికి పాస్‌వర్డ్ లేదు. ఖాళీ.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ ఖాతా నాకు రోజూ ఎదురయ్యేదే. బిల్డ్ అంటే ఆ రోజు వరకూ అందరూ రాసిన కోడ్‌ను, గీసిన బొమ్మలను, చేర్చిన శబ్దాలను పోగుచేసి ఆడదగిన గేమ్‌గా కట్టడం. ఇది రాత్రిపూట, ఎవరూ లేని సమయంలో నడుస్తుంది. పొద్దున్నే టెస్టర్లు వచ్చేసరికి కొత్త బిల్డ్ సిద్ధంగా ఉండాలి. రాత్రి రెండు గంటలకు పాస్‌వర్డ్ కొట్టడానికి మనిషి ఉండడు కాబట్టి దీనికి మనిషి కాని ఖాతా ఒకటి ఇస్తారు. ఈ ఖాతాకు మూడు గుణాలుంటాయి. కోడ్ నుంచి కట్‌సీన్ల (గేమ్ మధ్యలో కథ చెప్పే వీడియో దృశ్యాల) దాకా అన్నీ చదవగలగాలి, లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మారితే అది వాడే యంత్రాలన్నిటిలోనూ మార్చాలి గనుక ఎవరూ మార్చరు. ఎవరి సొంతమూ కాదు గనుక ఉద్యోగం మానేసేవాళ్లతో పాటు అది మూతపడదు. డెడ్‌లైన్ దగ్గరపడ్డ రాత్రి బిల్డ్ విఫలమైతే అలిసిపోయిన ఇంజినీర్ చేసే మొదటి పని ఈ ఖాతాకు ఇంకాస్త అధికారం ఇవ్వడమే. తెల్లారాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరికీ గుర్తుండదు. వాల్వ్‌లో ఆ పాస్‌వర్డ్ ఖాళీగా ఎందుకుందో వాళ్లు చెప్పలేదు గానీ, అలాంటి ఖాతాలు ఎలా పుడతాయో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

ఆ ఖాతాతో అతను అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లనూ (పాస్‌వర్డులను గుర్తుపట్టకుండా మార్చి దాచే రూపాలను) దించుకున్నాడు. అప్పట్లో జ్యూరిక్‌లోని ఒక విశ్వవిద్యాలయం నడిపిన ఆన్‌లైన్ పరికరంతో వాటిని చిటికెలో విప్పాడు. ఆ తర్వాత అతనికి మూసి ఉన్న తలుపంటూ లేదు.

ఎవరూ గమనించని వారాలు

లోపల అతను వారాల తరబడి తిరిగాడు. డిజైన్ పత్రాలు, నోట్సులు చదువుకున్నాడు. ఎవరూ పసిగట్టలేదు. సెప్టెంబర్ 19 ప్రాంతంలో సోర్స్ కోడ్ మొత్తం దించుకున్నాడు. కోడ్ పెర్ఫోర్స్‌లో (టీమ్ మొత్తం ఫైళ్లను, వాటి మార్పులను భద్రపరిచే వ్యవస్థ) ఉంది, అది తేలిగ్గానే వచ్చింది. బొమ్మలు, మ్యాపులు ఉన్న సోర్స్‌సేఫ్ అనే అలాంటి ఇంకో వ్యవస్థ మాత్రం నెమ్మది. దానికోసం మారిన ఫైళ్లను మాత్రమే గుర్తించి తెచ్చే ప్రోగ్రామ్ ఒకటి సొంతంగా రాసుకున్నాడట. ఒక కంపెనీ నెట్‌వర్క్‌లో కూర్చుని సొంత బదిలీ వ్యవస్థ రాసుకునేంత తీరిక అతనికి దొరికిందంటే, అటువైపు కాపలా ఎంత పలచగా ఉందో అర్థమవుతుంది.

నా లెక్కలో ఈ కేసులో అన్నిటికంటే ఖరీదైన లోపం ఇదే. ఖాళీ పాస్‌వర్డ్ ప్రమాదమే, కానీ కాపలా ఉంటే అది ఒక్క పూటలో బయటపడే ప్రమాదం. రాత్రి బిల్డ్ కోసం ఉన్న ఖాతా పట్టపగలు ఇంకో కంపెనీ సర్వర్ నుంచి లాగిన్ అయితే ఏదో ఒక గంట మోగాలి. గిగాబైట్ల కొద్దీ డేటా బయటికి పోతుంటే మోగాలి. ఏదీ మోగలేదు.

అక్టోబర్ 2న గేబ్ న్యూవెల్ స్వయంగా అభిమానులకు బహిరంగంగా రాశాడు. చక్కర్లు కొడుతున్నది నిజంగా తమ సోర్స్ కోడేనని ఒప్పుకున్నాడు. సెప్టెంబర్ 11 ప్రాంతం నుంచి తన ఈమెయిల్ ఖాతాను వేరే ఎవరో వాడుతున్నట్టు తేలిందనీ, తన కంప్యూటర్ వింతగా ప్రవర్తించిందనీ, కంపెనీలో చాలా యంత్రాల్లో మీటలు నొక్కడాన్ని నమోదు చేసే ప్రోగ్రాములు దొరికాయనీ వివరించాడు. అవి అవుట్‌లుక్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్‌లో మెయిల్‌ను తెరవకుండానే చూపే ప్రివ్యూ పేన్‌లోని లోపం ద్వారా వచ్చి ఉంటాయని తమ అనుమానం అన్నాడు. ఆచూకీ కనిపెట్టడంలో సాయం చేయమని అభిమానులనే అడిగాడు.

అవుట్‌లుక్ అనుమానానికీ, గెంబె తర్వాత చెప్పిన దారికీ పొంతన లేదు. ఈ తేడాను నేను ప్రత్యేకంగా చూపిస్తుంటాను. ఘటన జరిగిన మొదటి వారంలో కళ్ల ముందు దొరికిన ఆధారం (ఇక్కడ న్యూవెల్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్) మనల్ని తన వైపే లాగుతుంది. దాన్ని తీసేసి, ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌ను సరిచేసి, పని అయిందనుకుంటే పక్క కంపెనీ సర్వర్ అలాగే తెరుచుకుని ఉంటుంది. బయటికి కనబడే ప్రతి యంత్రాన్నీ, ప్రతి ఖాతానూ వరసబెట్టి చూసేదాకా దర్యాప్తు ముగిసినట్టు కాదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆడటానికి వీలైన బిల్డ్ కూడా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. ఇంటర్నెట్‌లో పెట్టింది తాను కాదనీ, తాను ఇచ్చిన ఇంకొకరు బయటపెట్టారనీ గెంబె అన్నాడు. రక్షణ కోణంలో ఆ మాటకు విలువ లేదు. ఒకరికి ఇచ్చాక ఫైల్ మీద పట్టు పోయినట్టే.

నష్టం ఏమిటి, ఏది కాదు

పైరసీ అనగానే అందరూ అమ్మకాల లెక్క తీస్తారు. ఈ కేసులో ఆ లెక్క పెద్దగా పనికిరాదు. గేమ్ 2004 నవంబర్ 16న వచ్చింది, లక్షల్లో అమ్ముడైంది. లీకైనది సగం కట్టిన గేమ్, అది కొనుగోలుకు ప్రత్యామ్నాయం కాదు.

అసలు నష్టం మాట మీద పడింది. సెప్టెంబర్ 30 విడుదల అన్న కంపెనీ గేమ్ ఏ స్థితిలో ఉందో అక్టోబర్‌లో జనం తమ కంప్యూటర్లలోనే చూశారు. ఈ3లో అబ్బురపరిచిన సన్నివేశాల చుట్టూ ఎంత పని మిగిలి ఉందో తెలిసిపోయింది. పబ్లిషర్ వివెండీ వైపు నుంచి లీక్ వల్లే విడుదల 2004 ఏప్రిల్‌కు వాయిదా పడుతుందన్న మాట వచ్చింది. ఏప్రిల్ కూడా దాటిపోయింది. లీక్ జరగకపోయినా ఆలస్యం తప్పేది కాదు. కానీ ఆలస్యం గురించి తమ మాటల్లో, తమ సమయంలో చెప్పుకునే అవకాశం వాల్వ్ చేజారింది.

రెండో నష్టం కోడ్‌ది. ఆన్‌లైన్ గేమ్ కోడ్ బయటపడితే ఆటలో మోసం చేసే ప్రోగ్రాములు (చీట్లు) రాసేవాళ్లకు మ్యాప్ చేతికిచ్చినట్టే. పైగా అందులో అంతా సొంత సరుకు ఉండదు. హాఫ్-లైఫ్ 2లో వస్తువుల కదలికలకు హావోక్ ఫిజిక్స్ ఇంజిన్‌ను లైసెన్స్ మీద వాడారు. మన ఇంటి లీక్ మనకు సరుకిచ్చినవాళ్లకూ దెబ్బే.

తెలుగువాళ్లకు ఇక్కడ 2013 నాటి 'అత్తారింటికి దారేది' గుర్తుకు రాక మానదు. విడుదలకు ముందే సినిమాలో చాలా భాగం బయటపడింది, కృష్ణా జిల్లా పెడనలో డిస్కులు అమ్ముతుంటే గుట్టు రట్టయింది. సరుకు పోయింది లోపలివాళ్ల చేతి నుంచే. అక్టోబర్‌లో రావాల్సిన సినిమాను నిర్మాతలు సెప్టెంబర్ 27కే విడుదల చేసి, భారీ విజయం సాధించారు. ఆ వెసులుబాటు గేమ్‌కు లేదు. సినిమా అప్పటికి పూర్తయి ఉంది, తేదీ ముందుకు జరిపితే చాలు. సగంలో ఉన్న గేమ్ లీకైతే ఏ తేదీ జరిపినా లాభం లేదు, ఇంకో ఏడాది అదే పని చేయాలి. తమ బొమ్మలను జనం అరకొరగా చూసి తీర్పులిచ్చేస్తుంటే రోజూ వచ్చి అవే బొమ్మలకు మెరుగులు దిద్దాలి. స్టూడియో ఆర్టిస్టులతో మాట్లాడితే వాళ్లు ముందుగా చెప్పే బాధ ఇదే, డబ్బు గురించి కాదు.

తర్వాతి కేసులూ ఇదే చెబుతున్నాయి. 2020 ఏప్రిల్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' కథలోని కీలక ఘట్టాలు బయటికొచ్చాయి. జూన్ 19న విడుదలైన గేమ్ మూడు రోజుల్లో 40 లక్షలకు పైగా అమ్ముడైంది. 2023 మే 12న రావాల్సిన నింటెండో గేమ్ 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్' దానికి ముందే దొరికింది. విడుదలకు ముందే పది లక్షలకు పైగా డౌన్‌లోడ్లు అయ్యాయని నింటెండో తన గేములను కంప్యూటర్‌లో ఆడనిచ్చే యూజు ఎమ్యులేటర్ తయారీదారుల మీద 2024 ఫిబ్రవరిలో వేసిన దావాలో పేర్కొంది. ఆ దావా 24 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ గేమ్ కూడా మూడు రోజుల్లో కోటి దాటింది. 2022 సెప్టెంబర్‌లో జీటీఏ 6 తయారీ దశలోని 90 వీడియోలు బయటపడ్డప్పుడు, కోలుకోవడానికి 50 లక్షల డాలర్లూ, సిబ్బంది సమయం వేల గంటలూ పట్టాయని దాన్ని తయారుచేసే రాక్‌స్టార్ కోర్టుకు చెప్పింది. ఆ వేల గంటలే నా దృష్టిలో సరైన కొలత.

దొరికిన తీరు

2004 ఫిబ్రవరిలో గెంబె తనంత తానుగా న్యూవెల్‌కు ఈమెయిల్ రాశాడు. చేసింది తానేనన్నాడు, ఉద్యోగం ఇస్తారా అని కూడా అడిగాడు. న్యూవెల్ సరేనన్నాడు. ఫోన్‌లో ఇంటర్వ్యూ జరిగింది. ఎలా వచ్చాడో అతని నోటితోనే చెప్పించారు. తర్వాతి అడుగు అమెరికాకు పిలిపించడం, అక్కడ ఎఫ్‌బీఐ పట్టుకోవడం. విమానం ఎక్కకముందే, మే 7న జర్మన్ పోలీసులు అతన్ని ఇంట్లోనే అరెస్టు చేశారు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తనంత తానే పాకిన సాసర్ వార్మ్ రాసిన యువకుణ్ని పట్టుకున్నదీ ఆ రోజే. 2006 నవంబర్‌లో కోర్టు గెంబెకు రెండేళ్ల ప్రొబేషన్ (జైలుకు పంపకుండా నిఘాలో ఉంచే శిక్ష) విధించింది.

గమనించాల్సింది ఒక్కటి. అతను దొరికింది సర్వర్లు నమోదు చేసిన లాగ్ రికార్డుల వల్ల కాదు, సొంతంగా ఈమెయిల్ రాయడం వల్ల.

మన వైపు నుంచి చూస్తే

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థల సొంత కేంద్రాలున్నాయి. వాటి చుట్టూ కాంట్రాక్టు స్టూడియోలు ఎన్నో. అమెరికాలోనో జపాన్‌లోనో తయారయ్యే గేమ్‌కు బండరాళ్లు, తలుపులు, ఆయుధాలు గీసేది మన పిల్లలు. రాత్రంతా ఆడి లోపాలు పట్టేది మన టెస్టర్లు. ఆ పెద్ద కంపెనీ నెట్‌వర్క్ పటంలో మనం ఉండేది టాంజిస్ ఉన్నచోటే. ఈ మాట చెబితే కొందరు యజమానులు చిన్నబుచ్చుకుంటారు. మా వాళ్లు అలాంటివాళ్లు కాదంటారు. టాంజిస్‌లోనూ ఎవరూ దొంగతనం చేయలేదు. ఒక ఫోల్డర్‌కు రాసే అనుమతి తెరిచి వదిలేశారు, అంతే.

ఒక స్టూడియోలో చూసింది చెబుతాను, పేరు అనవసరం. తలుపులూ కిటికీలూ మాత్రమే గీసే ఆర్టిస్టు లాగిన్‌తో క్లయింట్ డిపో (గేమ్ ఫైళ్లన్నీ ఉండే పెర్ఫోర్స్ నిల్వ) తెరిస్తే గేమ్ ముగింపు కట్‌సీన్లు కూడా కనిపించాయి. ఆ అమ్మాయి వాటిని ఎన్నడూ తెరవలేదు, అవసరమూ లేదు. పెర్ఫోర్స్‌లో ఎవరికి ఏ ఫోల్డర్ కనపడాలో రాసే ప్రొటెక్షన్స్ పట్టిక ఉంటుంది. క్లయింట్ వైపు దాన్ని ఫోల్డర్ వారీగా రాయడం శ్రమ అని 'వెండర్' (బయటి కాంట్రాక్టు కంపెనీ) అనే ఒకే గుంపుకు అంతా ఇచ్చేశారు. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లోకి ఎవరు చొరబడినా మొత్తం కథ వాళ్ల చేతిలో పడేది, నింద మాత్రం ఆమె మీద పడేది. అందుకే అనుమతి తగ్గించమని వెండరే అడగాలంటాను. ఆ పట్టికను క్లయింట్ చేత తిరగరాయించడానికి చాలా ఈమెయిళ్లు నడిచాయి, కానీ రాశారు.

టెస్టర్ల దగ్గర సమస్య వేరు. వాళ్లకు గేమ్ కనపడాల్సిందే. ఫోన్‌తో తెరను వీడియో తీస్తే ఏ ఫైర్‌వాలూ ఆపలేదు. అక్కడ పనికొచ్చేది వాటర్‌మార్క్. మూలన పేరు వేస్తే ఆ మూల కత్తిరించి పోస్ట్ చేస్తారు. అందుకే టెస్టర్ గుర్తింపు అంకెలను తెరంతా చిన్న చిన్న చుక్కల వరసగా పరుస్తాం. పక్క రంగు కంటే కొంచెమే ఎక్కువ వెలుగు, మామూలు కంటికి ఆనదు. వీడియోను సగం కత్తిరించినా మిగిలిన ముక్కలో నంబర్ దొరికే అవకాశం ఉంటుంది. ఇది ఉందని టెస్టర్లకు మొదటి రోజే చూపించాలి, దాచకూడదు. దాచిపెట్టి పట్టుకోవడం కన్నా, చూపించి ఆపడం మేలు. నేరం చేశాక కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చన్న సంగతి ఇరవై రెండేళ్ల కుర్రాడికి ముందే తెలియాలి.

విడుదల రోజు దగ్గరపడ్డాక ఏం చేయాలో వాల్వే చూపించింది. 2004 ఆగస్టు నుంచే హాఫ్-లైఫ్ 2 ఫైళ్లను తన ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్ ద్వారా తాళం వేసిన రూపంలో అభిమానుల కంప్యూటర్లకు ముందస్తుగా పంపడం మొదలుపెట్టింది. విడుదల గంట కొట్టినప్పుడు తాళంచెవి పంపింది. దుకాణంలో పెట్టె కొన్నవాళ్లూ ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేసుకోవాల్సిందే. మొదటి రోజు సర్వర్లు తట్టుకోలేక డబ్బిచ్చి కొన్నవాళ్లు అవస్థపడ్డారు, దాని మీద వచ్చిన కోపం న్యాయమైనదే. కానీ ఫైల్ ఒక దారిన, తాళంచెవి ఇంకో దారిన పంపే పద్ధతి నిలిచిపోయింది. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ లాంటి కార్ట్రిడ్జ్ గేములకు ఆ రక్షణ లేదు. అట్టపెట్టె గోడౌన్ చేరిన రోజే గేమ్ మొత్తం చేరిపోయినట్టు.

కొత్త స్టూడియోకు ఆడిట్‌కు వెళ్తే నేను మొదట అడిగేది ఫైర్‌వాల్ గురించి కాదు. మనిషి పేరు లేని ఖాతాలన్నిటి జాబితా ఇవ్వమంటాను. బిల్డ్ ఖాతా, బ్యాకప్ ఖాతా, క్లయింట్ కోసం తెరిచినది, ఎప్పుడో మానేసిన ఇంజినీర్ స్క్రిప్టుల కోసం పెట్టుకున్నది, అన్నీ. ప్రతి దాని ఎదురుగా బాధ్యుడి పేరు, పాస్‌వర్డ్ మార్చిన చివరి తేదీ, అది ఏ యంత్రం నుంచి లాగిన్ కావచ్చో రాయిస్తాను. కొన్నిచోట్ల ఒక పూటలో ఇచ్చేస్తారు. కొన్నిచోట్ల అసలు జాబితాయే ఉండదు. అలాంటి చోట మిగతా ఆడిట్ పక్కన పెట్టి, వాళ్ల సిస్టమ్ అడ్మిన్ పక్కన కూర్చుని ముందు అదే రాయిస్తాను.